దొరసానమ్మ కాళ్ల దగ్గర

అబద్ధానికి కాళ్లుండవంటారు. యానాం సమాధుల దొడ్డిలో ఆగ్నెస్ ఆడిన అబద్ధానికి కాళ్లు రాలేదు గానీ ఉయ్యాలలు వచ్చాయి. తాటాకుతో అల్లినవి, చీర పీలికలతో కట్టినవి, ఈమధ్య బజార్లో కొన్న ప్లాస్టిక్‌వి కూడా. గోడవారన ఉన్న దొరసాని సమాధి మీదికి వంగిన వేపకొమ్మకి ఎంత లేదన్నా అరవై ఉయ్యాలలు వేలాడుతుంటాయి. పిల్లలు లేనివాళ్లు కడతారు, పిల్లలకి జబ్బు చేసినవాళ్లు కడతారు. క్రైస్తవులే కాదు, మెట్టకూరు నుంచీ ఏటి అవతలి నుంచీ కాళ్లకి పసుపు రాసుకున్న ఆడవాళ్లు వచ్చి, అరటిపండుకి అగరుబత్తి గుచ్చి, "దొరసానమ్మా, నీ బిడ్డే అనుకో" అని మొక్కిపోతారు. దేవుడు అందరివాడైనప్పుడు దొరసాని ఎందుకు కాకూడదు?

ఆ రాతి కింద ఉన్న దొరసాని ఎవరో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. ఆమె కాళ్ల దగ్గర ఎవరున్నారో మాత్రం ఆగ్నెస్‌కి తెలుసు. ఆగ్నెస్ కన్న బిడ్డ ఉంది.

దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు కనుక ఆ సంగతి ముందే చెప్పేస్తాను. నలభై ఏళ్ల కిందట, ఇరవై రెండో ఏట, ఆగ్నెస్‌కి తొలి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మొగుడు లూయిస్ ఎదుర్లంక రేవులో ఏరు దాటించే పంటు మీద పనిచేసేవాడు. పిల్లకి జోసెఫిన్ అని పేరు అనుకున్నారు. అనుకున్నారంతే. పేరు పెట్టాలంటే జ్ఞానస్నానం కావాలి. దానికి ఆదివారం రావాలి. కాకినాడలో కొన్న తెల్ల గౌను వదులైందని దర్జీకిచ్చారు, అది తిరిగి రావాలి. "మొదటి బిడ్డాయె, నలుగుర్నీ పిలవకపోతే ఎలాగ, ఇంకో వారం ఆగుదాం" అంది అత్తగారు. పిల్ల ఆగలేదు. తొమ్మిదో రోజు పొద్దున పాలు పట్టలేదు, మధ్యాహ్నానికి కళ్లు తేలేసింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫాదర్‌గారే రానక్కర్లేదు. ఎవరైనా సరే, నెత్తిన గుక్కెడు నీళ్లు పోసి, పేరు పలికి, ఒక్క వాక్యం చెబితే చాలు, అది జ్ఞానస్నానమే. ఆ సంగతి ఆగ్నెస్ చిన్నప్పుడే బట్టీ పట్టింది. నీళ్లబిందె మంచం పక్కనే ఉంది. కానీ ఆ నీళ్లు పోస్తే చావుకి ఒప్పుకున్నట్టే అనిపించింది. పోయను, నా బిడ్డకేమీ కాదు అనుకుంటూ పిల్లని గుండెకి హత్తుకుని కూర్చుంది. అలా కూర్చునే ఉంది. ఆ గుక్కెడు నీళ్ల గురించి నలభై ఏళ్లుగా ఆలోచించని రోజు లేదు.

అప్పట్లో గుడిలో జపాలు నేర్పే ఒక ఉపదేశి ఉండేవాడు. పోయినాయన్ని ఇప్పుడు తిట్టుకుని లాభం లేదు. "జ్ఞానస్నానం లేని బిడ్డకి గోడ లోపల చోటు లేదు, ఏటిగట్టున పెట్టుకోండి" అని చావుకబురు చల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ఏటిగట్టున కుక్కలుంటాయి. వరదొస్తే గట్టే ఉండదు. లూయిస్ ఎదురు చెప్పలేదు. ఆ సాయంత్రం కుండపోతగా వాన. ఊరంతా తలుపులు వేసుకున్న వేళ అతను దర్జీ దగ్గర్నుంచి తెల్ల గౌను తెచ్చి, పిల్లకి తొడిగి, సమాధుల దొడ్డి గోడ దూకాడు. ఎవరూ రాని సమాధి, ఎవరూ కొవ్వొత్తి పెట్టని సమాధి ఏదా అని వెతికాడు. మూలన నాచు పట్టిన దొరసాని సమాధి కనిపించింది. దాని రాయి కాళ్ల వైపు విరిగి ఉంది. ఆ ముక్క ఎత్తి, మోకాలి లోతు తవ్వి, పిల్ల చేతులకున్న నల్లపూసలు తీయకుండానే పెట్టేసి, రాయి మళ్లీ కప్పేశాడు.

"ఆవిడకీ ఎవరూ లేరు. మనదానికి తోడుంటాది" అన్నాడు ఇంటికొచ్చి. తర్వాత బతికినన్నాళ్లూ ఆ ఊసెత్తలేదు. వాళ్లకి మళ్లీ పిల్లలు కలగలేదు. లూయిస్ పోయి కూడా పదకొండేళ్లు దాటింది. అంచేత ఇప్పుడు ఆ సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్క ఆగ్నెస్ మాత్రమే.

ఇక ఆ అబద్ధం సంగతి. నవంబరు రెండున సమాధుల పండగ. అందరూ తమవాళ్ల సమాధులు కడిగి, సున్నం కొట్టి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆగ్నెస్ ఇంటివాళ్ల సమాధుల దగ్గర నాలుగు వెలిగించి, ఐదోది కొంగు చాటున పట్టుకుని దొరసాని కాళ్ల దగ్గరికి వెళ్లేది. ఒక ఏడు ఆపుకోలేక అక్కడే కూలబడి ఏడ్చింది. పక్కవీధి ఆవిడ చూసి, "ఆ దొరసానికీ నీకూ ఏం చుట్టరికమే?" అని అడిగింది. తేలుకుట్టిన దొంగలా బిగుసుకుపోయిన ఆగ్నెస్ నోటికొచ్చింది చెప్పింది. "కల్లోకొచ్చిందండి. నా తలనొప్పి తీసేసింది." ఊరికి ఆ మాత్రం చాలదా? వారం తిరక్కుండా తలనొప్పి కాస్తా విషజ్వరమైంది, ఏడాదికి సంతానం దాకా వెళ్లింది. తొలి ఉయ్యాల కట్టిందెవరో ఆగ్నెస్‌కి ఇప్పటికీ తెలియదు. వద్దని చెప్పాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. చెప్పలేక, గుడీ దొడ్డీ ఊడ్చే పనిలో చేరింది. రోజూ బిడ్డ పక్కన ఉండొచ్చు కదా అనుకుంది.

అక్టోబరు ఆఖరి వారంలో ఒక ఉదయం గుడి ముందు ఆటో ఆగింది. దిగినావిడకి డెబ్భై దాటి ఉంటాయి. మోకాళ్ల కిందికి గౌను, కాన్వాసు బూట్లు, భుజాన సంచి. రంగు మన రంగే, కళ్లు మాత్రం పిల్లికళ్లు. ఏ దేశపు మనిషో, ఏ భాషలో పలకరించాలో అని ఆగ్నెస్ చీపురు పట్టుకుని నిలబడిపోయింది.

"నా పేరు స్టెల్లా కీనన్ అమ్మా. సికింద్రాబాద్, లాలాగూడ. టీచర్ చేసి రిటైర్ అయిన. ఫాదర్‌కి ఫోన్ చేసిన, ఆగ్నెస్ అని ఉంటది, ఆమె చూపిస్తది అన్నడు."

"నేనేనండి ఆగ్నెస్‌ని. ఏం చూపించాలండి?"

"మా తాతకి నాయనమ్మని."

గుడి అరుగు మీద కూర్చుని, సీసాలో నీళ్లు తాగుతూ, స్టెల్లా తన వంశమంతా విప్పింది. తాతకి నాయనమ్మ పేరు హోనోరా. ఐర్లండు పిల్ల. కరువులో పుట్టినింటివాళ్లంతా పోతే, కోరంగి రేవులో ఓడలు కట్టే వడ్రంగిని పెళ్లాడడానికి ఆర్నెల్లు సముద్రం మీద వచ్చింది. కోరంగిలో కతోలిక గుడి లేక, ఏ బిడ్డ పుట్టినా పడవ కట్టించుకుని యానాం వచ్చి జ్ఞానస్నానం చేయించేది. ఐదుగురు. ముప్ఫై దాటగానే జ్వరంతో పోతే, ఆమెనీ అదే పడవలో యానాం తెచ్చి పాతిపెట్టారు. అదంతా వంశంలో ఒకరి నుంచి ఒకరికి చెప్పుకుంటూ వచ్చిన కథ.

"మా ఇంట్ల ఐర్లండ్ మాట లేని క్రిస్మస్ లేదు ఆగ్నెస్ గారు. చూసినోళ్లు మాత్రం ఒక్కరు లేరు. తమ్ముళ్లు ఆస్ట్రేలియా పోయిన్రు, నేను ఉండిపోయిన. పెళ్లి చేస్కోలే. నా తర్వాత ఈ కథ వినేటోళ్లు లేరు. ఐర్లండ్ పోదామని ముప్ఫై ఏళ్లు పైసలు దాచిన, ఇప్పుడు డాక్టర్ విమానం ఎక్కొద్దన్నడు. నిన్న కోరంగి పోయిన, ఆడ ఏం మిగల్లే. ఇగ నాకు ఐర్లండ్ అంటే ఇదే."

ఆగ్నెస్‌కి ఐర్లండ్ ఎక్కడుందో తెలియదు. చూడాలనుకున్నది చూడకుండానే పోతానన్న మనిషి బాధ మాత్రం తెలుసు. లోపలికి తీసుకెళ్లి జ్ఞానస్నానాల రాతి తొట్టి చూపించింది. స్టెల్లా దాని అంచు మీద రెండు చేతులూ ఆన్చి, చల్లదనం ఎక్కేదాకా అలాగే నిలబడింది.

"ఇప్పటికీ ఇందులోనే ఇస్తరా?"

"ఆయ్, ఇందులోనేనండి. జ్ఞానస్నానాలున్న ఆదివారం నేనే నీళ్లు నింపుతానండి."

"ఎంతమంది పిల్లలకి నింపి ఉంటవు?"

"లెక్కెట్టలేదండి. మూడొందలు దాటుంటారు."

మూడొందల మందికి నీళ్లు మోసిన చేతులు ఒక్కదానికి మోయలేదన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, "రండి, సమాధులు చూద్దురుగాని" అంది.

దొడ్డిలో అడుగుపెట్టగానే స్టెల్లా ఉయ్యాలలు చూసింది. సమాధి దగ్గర కనకదుర్గ అనే అమ్మాయి ఏడాది నిండని ఆడపిల్లని చంకనేసుకుని అగరుబత్తి వెలిగిస్తోంది. మెట్టకూరు మనిషి. చేపల చెరువుల మీద బతకడానికి వచ్చిన కుటుంబం. పిల్లకి ఫిట్సు వచ్చేవి. డాక్టరు మందు ఇచ్చాడు. మందుతో తగ్గిందో మొక్కుతో తగ్గిందో, మూడు శుక్రవారాలు పిల్లని ఆ రాతి మీద పడుకోబెట్టిన తర్వాత మళ్లీ రాలేదు. ఆమె మొక్కు మీదే ఒట్టు వేస్తుంది. ఎవరి నమ్మకం వారిది.

స్టెల్లా మోకాళ్ల మీద కూర్చుని, చేతిరుమాలు తడిపి, నాచు తుడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరమే బయటపడింది. ఆరో అక్షరానికి ఆమె ఏడ్చేసింది. "హోనోరా" అని చదివి, ఆ రాతి మీద నుదురు ఆన్చింది.

"ఈవిడ మీ మామ్మగారాండి?" అంది కనకదుర్గ నోరు తెరిచి. "మా పాపని బతికించిన తల్లండి. ఈ పిన్నిగారికి ముందు కల్లో కనపడిందండి, అడగండి."

స్టెల్లా ఆగ్నెస్ చేతులు రెండూ పట్టుకుంది. "నువ్వు చూసినవా? ఎట్ల ఉండె? ఏం వేసుకున్నది?"

ఇదిగో, అబద్ధం చెప్పినవాళ్లకి ఇలాంటి రోజు వస్తుంది. ఆగ్నెస్ నేల చూపులు చూసింది. "తెల్ల గౌనండి. భుజాల కాడ కొంచెం వదులు."

"మాట్లాడిందా?"

"లేదండి. కళ్లు మూసుకునుందండి."

అది కల కాదని, తొమ్మిది రోజుల పిల్ల గురించి చెబుతోందని స్టెల్లాకి ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో ఒక పుణ్యాత్మురాలు ఉండిందా అని మురిసిపోయింది. ఐర్లండుకి దాచిందంతా ఈ సమాధికే పెడతానంది. విరిగిన రాయి తీసేసి, గ్రానైటు రాయి వేయించి, పండగ లోపు అయిపోవాలంది. ఫాదర్‌గారు సరేనన్నారు. ఫరంపేట తాపీమేస్త్రి సెబాస్టియన్‌కి కబురు వెళ్లింది.

సెబాస్టియన్ వచ్చి కొలత వేసి, "ఇది గోదారి ఒండ్రండి. ఊరికే రాయి పరిస్తే మళ్లీ ఏడాదికి కుంగిపోద్ది. చుట్టూ నడుం లోతు తవ్వి, కంకరేసి బెడ్డు పోయాలి" అన్నాడు. "దొరసానమ్మ ఇంకా కిందుంటాది, ఆవిడ జోలికి పోం."

ఆగ్నెస్ స్టెల్లా వెళ్లేదాకా ఆగి, అతని చెయ్యి పట్టుకుంది. "నాయనా, తల వైపు ఎంత కావాలంటే అంత తవ్వుకో. కాళ్ల వైపు వద్దు."

"ఒక పక్క బెడ్డేసి ఒక పక్క వదిలేస్తే రాయి నిలబడుద్దా ఆగ్నెసత్తా? ఏం, కాళ్ల వైపు ఏముంది?"

ఏముందని చెబుతుంది? ఏమీ లేదని ఇంటికెళ్లిపోయింది. పని మొదలయ్యేదాకా మూడు రోజులు అన్నం సయించలేదు. ఎముకలు బయటపడితే ఎవరివని అడుగుతారు. గోడ లోపల ఎవరు పెట్టారంటారు. చచ్చినవాడిని లూయిస్‌ని దొంగంటారు. ఇప్పటి ఫాదర్‌గారు మంచివారే, ఏమీ అనకపోవచ్చు, కానీ ఆ ఉపదేశి గొంతు ఆగ్నెస్ చెవిలోంచి ఏనాడూ పోలేదు. నా బిడ్డని మళ్లీ ఏటిగట్టుకి గెంటేస్తారా అని వణికింది. అన్నిటికన్నా అడుగున ఇంకోటుంది. అది తనకి తానే ఒప్పుకోడానికి భయపడింది. చూడాలని ఉంది. ఏం చూస్తుందో తెలిసి కూడా, నలభై ఏళ్ల తర్వాత బిడ్డని ఒక్కసారి చూడాలని ఉంది. తవ్వే రోజు పొద్దున్నే పెట్టెలోంచి ఉతికిన తెల్ల తువ్వాలు తీసి, నడుముకి చుట్టి, పైన చీర కప్పుకుంది. ఏం దొరికితే అది అందులో మూట కట్టుకోవచ్చని.

నవంబరు ఒకటిన పొద్దున పని మొదలైంది. స్టెల్లా ప్లాస్టిక్ కుర్చీలో జపమాల పట్టుకుని కూర్చుంది. కనకదుర్గ కూడా పిల్లతో వచ్చింది. ఉయ్యాలలకి ఏమవుతుందోనని ఆమె బెంగ. సెబాస్టియన్ విరిగిన రాయి పక్కకి జరిపి, తల వైపు పూర్తిచేసి, పది గంటలకి కాళ్ల వైపు పార వేశాడు. ఆగ్నెస్ గట్టున గొంతుక్కూర్చుని, పడే ప్రతి పారెడు మట్టినీ కళ్లతో జల్లెడ పట్టింది.

మోకాలి లోతు వచ్చింది. మట్టి. ఇంకో జానెడు. మట్టే. నల్లగా, మెత్తగా, పిండిలాంటి ఒండ్రుమట్టి. బట్ట పీలిక కూడా లేదు.

"ఇంకొంచెం చూడు నాయనా" అంది ఆగ్నెస్.

"తవ్వొద్దన్నది నువ్వేనా అత్తా?" అని నవ్వి, ఇంకో నాలుగు పారలు తీశాడు. ఏమీ లేదు. తొమ్మిది రోజుల ఎముక ఎంతని. వేలెడు లేని ఎముకలు. నలభై వానాకాలాలు, ఎన్నో వరదలు. తాను ఇన్నేళ్లుగా కొవ్వొత్తి పెట్టింది ఈ మట్టికేనా అనుకుంది. కళ్లల్లో నీళ్లు కూడా రాలేదు. ఏడవడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

అప్పుడు సెబాస్టియన్ వంగి, మట్టిబెడ్డలోంచి ఏదో గిల్లి తీశాడు. అరచేతిలో వేసి ఉమ్మి తడితో రుద్దాడు. నల్లటి గాజుపూస. మళ్లీ వెతికితే ఇంకోటి. వెతగ్గా వెతగ్గా తొమ్మిది.

స్టెల్లా కుర్చీలోంచి లేచి వచ్చింది. "జపమాల" అంది. "హోనోరా జపమాల. మావోళ్లని చేతుల్లో జపమాల పెట్టి పాతిపెడతరు. ఆమె ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నది."

"ఇవి కాళ్ల కాడ దొరికేయండి మరి" అన్నాడు సెబాస్టియన్ నసుగుతూ. "చూస్తే పసిపిల్లల చేతికి..."

"నూట యాభై ఏళ్లు నీళ్లల్ల నానిన మట్టి బాబూ. జరగవా?" ఆమె అప్పటికే పూసలు తీసుకుని కళ్లకి అద్దుకుంటోంది. ముడతల మొహమంతా వెలిగిపోతోంది. "ఆగ్నెస్ గారు, నువ్వు చెప్పు. జపమాల పూసలే కదా?"

ఆ పూసలు ఆగ్నెస్ తన చేత్తో గుచ్చింది. పిల్ల మణికట్టు మరీ సన్నమని, దారం రెండు చుట్లు తిప్పి ముడేసింది. ఇంకో నిమిషం ఊరుకుంటే అవి రుమాల్లోకి వెళతాయి, రుమాలు సంచిలోకి, సంచి సికింద్రాబాదుకి. ఇంకేం మిగలదు.

"అవి మా పిల్లవండి" అంది ఆగ్నెస్.

చెప్పేసింది. ఒకసారి నోరు విప్పాక ఆగలేదు. వాన, తెల్ల గౌను, గోడ దూకిన లూయిస్, బిందెలో నీళ్లు, అన్నీ వరస తప్పి చెప్పింది. "కల రాలేదండి. తలనొప్పీ లేదు. ఆ రోజు నేనేడుస్తుంటే ఎందుకని అడిగేరు, ఏదో ఒకటి చెప్పాలి కదండి. ఇక్కడ దొరసానమ్మ మహిమ ఏమీ లేదండి. మా పిల్ల ఉంది. పేరు కూడా లేదండి దానికి."

సెబాస్టియన్ పార కింద పెట్టాడు. స్టెల్లా పూసలున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ముప్ఫై అయిదేళ్లు పిల్లల మొహాలు చూసి నిజమేదో అబద్ధమేదో పసిగట్టిన టీచరమ్మ ఆమె. ఆ మొహంలో వెలుగు ఆరిపోవడం ఆగ్నెస్ చూసింది. బాధేసింది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. చెయ్యి చాపింది. స్టెల్లా ఇచ్చేసేదే.

"పిన్నిగారూ" అంది కనకదుర్గ వెనకనుంచి.

ఆమె నేల మీద నిలబెట్టిన పిల్లని చటుక్కున ఎత్తుకుని, మట్టంటిన ఆ చిన్న పాదాల్ని చీరకొంగుతో గబగబా తుడుస్తోంది. అరిటాకంత మెత్తని పాదాలు ఎర్రబడేలా తుడుస్తోంది.

"అయితే మూడు శుక్రవారాలు నేను నా పిల్లని పడుకోబెట్టింది చచ్చిన పసిగుడ్డు మీదా? మళ్లీ తిరగబెడతాదా పిన్నిగారూ? నాకు చెప్పండి, మళ్లీ వస్తాయా దానికి?"

పిల్ల బెదిరి ఏడుపు లంకించుకుంది. ఏడుస్తూ ఆగ్నెస్ వైపు చెయ్యి చాపింది, అలవాటైన మనిషి కదా. ఆ చేతికి నల్లపూసలున్నాయి. దారం రెండు చుట్లు తిప్పి ముడేసి ఉంది.

ఆగ్నెస్ ఆ చెయ్యి చూసింది. స్టెల్లా పిడికిలి చూసింది. కనకదుర్గ ఇప్పుడింక ఒక్క కునుకు తీయదు. పిల్ల తుమ్మినా, ఉలిక్కిపడినా, ఈ మట్టినే తలుచుకుంటుంది. ఆ భయం ఎలా ఉంటుందో, ఒళ్లో బిడ్డని పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టడం ఎలా ఉంటుందో ఆగ్నెస్‌కి చెప్పాలా?

"లేదమ్మా" అంది. "ఇక్కడ కాదు."

"మరి ఇప్పుడే కదా అన్నారు?"

"పిల్ల పోయిన మాట నిజమే. దాన్ని..." దగ్గి, మళ్లీ మొదలెట్టింది. "దాన్ని ఏటిగట్టున పెట్టేం. ఉపదేశిగారు ఎక్కడ పెట్టమంటే అక్కడే పెట్టేం. ముసలిదాన్ని కదమ్మా, పండగొచ్చేసరికి మతి నిలవదు, ఏ పూస చూసినా దానివే అనిపిస్తాయి. మీ పాపకేం కాదు. దొరసానమ్మ చూసుకుంటాది."

లూయిస్ వానలో గోడ దూకి తప్పించినదాన్ని ఆమె తన నోటితో తానే చేసింది. బిడ్డని గోడ బయట, ఏటిగట్టున, కుక్కల మధ్య పెట్టేసింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మళ్లీ తన చేతులతోనే లోపలికి కుక్కుకుని, పైన కుట్టేసుకోవడం ఎలా ఉంటుందో ఆ సామెత కట్టినవాళ్లు చెప్పలేదు.

కనకదుర్గ గట్టిగా ఊపిరి వదిలి, పిల్ల వీపు నిమిరింది. సెబాస్టియన్ ఆగ్నెస్ వంక ఒక్క క్షణం చూసి, "నాకేం తెలుసండి, తాపీ పనోడిని" అని ఎవరూ అడక్కుండానే అనేసి పార అందుకున్నాడు.

స్టెల్లా నమ్మిందో లేదో నేను చెప్పలేను. నమ్మాలని ప్రాణం కొట్టుకుంటున్న మనిషికి సగం సాక్ష్యం చాలు. రుమాలు మోకాలి మీద పరిచి, పూసలు ఒక్కొక్కటీ అందులో పెట్టింది. ఎనిమిది పెట్టాక ఆగింది. తొమ్మిదోది ఆగ్నెస్ ముందు పట్టుకుంది.

"ఇది నీ దగ్గర ఉంచుకో. హోనోరా దీవెన అనుకో. నీ బిడ్డ కోసం."

ఆగ్నెస్ కొంగు పట్టింది. తాను గుచ్చిన పూసని పరాయి చేతిలోంచి ప్రసాదంలా పుచ్చుకుని, అందరూ చేసినట్టే కళ్లకి అద్దుకుంది. "చాలా సంతోషమండి టీచరమ్మగారూ" అంది.

మధ్యాహ్నానికి గోతిలో కంకర పడింది, సిమెంటు పడింది. సాయంత్రం ఆటో ఎక్కేముందు స్టెల్లా ఆమెని కౌగలించుకుంది. రేపు పండగకి మొదటి కొవ్వొత్తి తాను పెడతానంది. ఆగ్నెస్ తలూపింది. తన ఐదో కొవ్వొత్తి రేపెక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు. ఏటిగట్టున అని నలుగురి ముందు చెప్పింది కదా, ఇంక ఇక్కడ ఏమని పెడుతుంది?

దొడ్డి గేటు వేసి గుడిలోకి వెళ్లింది. సాయంత్రం పూజకి ఇంకా వేళ కాలేదు, లోపలెవరూ లేరు. రాతి తొట్టి ఎండిపోయి ఉంది. చెంబుతో నీళ్లు తెచ్చింది. కొంగుముడి విప్పి పూసని తొట్టి నడుమ పెట్టింది. చచ్చినవాళ్లకి జ్ఞానస్నానం చెల్లదని ఆమెకి తెలుసు. పూసకి అసలే చెల్లదు. చిన్నప్పుడు బట్టీ పట్టిన వాక్యంలో ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. చెంబు వంచింది. గుక్కెడే పోసింది.

"జోసెఫిన్" అని పిలిచింది. నలభై ఏళ్లలో ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. "పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను."

తర్వాత నడుముకి చుట్టుకున్న తెల్ల తువ్వాలు తీసింది. దాని కొసతో పూస తడి అద్దింది, తలస్నానం చేయించిన పసిపిల్ల మాడు తుడిచినట్టు, నెమ్మదిగా, నొప్పి కలగకుండా.